సంయుక్త చికిత్స: మాటయు, మందును

హోసూరు ప్రాంతమునందలి తెలుగు పాఠశాలలో ఉపాధ్యాయినిగా నున్న నాయొద్దకు విద్యార్థుల తల్లులు రక్తపరీక్షల చీటీలు చదివించుకొనుటకు వచ్చుచుందురు. చీటీ ఆంగ్లమున, వైద్యుని మాట తమిళమున, బాధ తెలుగున నుండుటచే ఈ పని మాకు తప్పదు. ఒక తల్లి యిట్లనెను: “టీచరమ్మా, చీటీలో అంతా సరిగ్గా ఉందంట. నాకు మాత్రం ఒళ్లు లేస్తా లేదు. రెండు మందులు కలిపి ఇస్తే బాగైతుందంట కదా?” ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు మూలము.

మొదట పేరును విచారింతము. థైరాయిడ్‌కు మన పాఠ్యగ్రంథములు ‘అవటు గ్రంథి’ యని పేరిడినవి. అమరకోశమున ‘అవటువు’ మెడ వెనుక భాగమునకు పేరు. ఈ గ్రంథియో కంఠమున ముందుండును. పేరు ఇట్లు స్థానము తప్పినను చదువుకొను బాలురకు హాని లేదు. ‘సంయుక్త చికిత్స’ యను పేరట్లు గాదు. అది రోగి నిర్ణయమునే మార్చగలదు. విన్నవారికి ఒంటరి మందు అసంపూర్ణమనియు, జంట సంపూర్ణమనియు తోచును.

వస్తుస్థితి వేరు. ఈ గ్రంథి ముఖ్యముగా నాలుగు అయొడిన్ పరమాణువులు గల థైరాక్సిన్‌ను, కొలదిగా మూడు గల ట్రైఅయొడోథైరోనిన్‌ను స్రవించును. దేహమునందలి రెండవదానిలో అధికభాగము మొదటిదానినుండియే ఇతరాంగములలో ఏర్పడును. గ్రంథి లేనివారియందును ఈ మార్పు జరుగునని 1970లో నిరూపితమైనది. కావున థైరాక్సిన్ మాత్ర యొక్కటియే మ్రింగువారి దేహమునందును రెండు హార్మోనులుండును. సంయోగమును దేహమే చేయుచున్నది.

అట్లని ఆ తల్లి మాట అసత్యమా? కాదు. రక్తపరీక్ష సరిగానున్నను కొందరికి నీరసము, మఱపు మిగులుట వైద్యులు అంగీకరించిన విషయమే. 1999లో లిథువేనియాకు చెందిన బునెవిచ్యుస్ ప్రభృతులు 33 మంది రోగులకు థైరాక్సిన్‌లో 50 మైక్రోగ్రాములు తగ్గించి, దానికి బదులు 12.5 మైక్రోగ్రాముల రెండవ హార్మోను ఇచ్చి పరీక్షించిరి. 20 మంది జంటను మెచ్చిరి. ఇద్దరు ఒంటరి మందును మెచ్చిరి. 11 మందికి భేదము తోచలేదు. ఆశ పుట్టించు ఫలితమే. కాని యొక్కొక్క పద్ధతిని పరీక్షించినది ఐదు వారములు మాత్రమే. 2006లో 11 పరిశోధనలను, 1,216 మంది రోగులను కూర్చి చూచినపుడు నీరసమునందు గాని జీవనసౌఖ్యమునందు గాని భేదము కానరాలేదు.

జంటను పొగడువారు 1999 నాటిదానినే చెప్పుదురు. తెగడువారు 2006 నాటిదానినే చెప్పి, బాధ కల్పితమందురు. రెండును సగము చదువులే. సగటున భేదము లేదనుట, ఏ యొక్కరికిని మేలు కలుగదనుట కాదు; ఆ పరిశోధనలలో పెక్కింట నీరసము మిగిలినవారినే ఏరి చేర్చుకొనలేదు. అట్లే, కొందరికి మేలు కలుగవచ్చుననుట అందరికి ఇయ్యవలెననుట కాదు. రెండవ హార్మోను కొన్ని గంటలలోనే రక్తమున హెచ్చి త్వరగా తగ్గును. మోతాదు మించినచో గుండెకును ఎముకలకును చేటు. గర్భిణులకు తగదు, గర్భస్థశిశువు మెదడునకు తల్లి థైరాక్సినే ఆధారము. 2012 నాటి ఐరోపా థైరాయిడ్ సంఘపు సూచనలు దీనిని ప్రయోగరూపమైన చికిత్సగా నెంచి, నిపుణుల పర్యవేక్షణమున మాత్రమే ఈయదగుననియు, మూడు నెలలలో గుణము కానరానిచో మానవలెననియు చెప్పినవి. ఈ నియమములేవియు ‘సంయుక్త’ యను మాటలో వినబడవు. ‘పరీక్షార్థము రెండవ హార్మోను చేర్చుట’ యనిన పేరు పొడవగును గాని రోగిని మోసగింపదు.

ఆ తల్లిని నేనడిగినది ఒక్కటే: మొదటి మాత్రను ఎట్లు వేసికొనుచున్నావని. ప్రొద్దుటి కాఫీతోననెను, ఇనుము మాత్రయు వెంటనేయనెను. థైరాక్సిన్‌ను పరగడుపున నీటితో మ్రింగి, కాఫీకిని దానికిని అరగంట నుండి గంట వఱకు ఎడమీయవలెను. ఇనుము, సున్నపు మాత్రలకు నాలుగు గంటల ఎడముండవలెను. రక్తహీనతయు నీరసమునకు కారణము కావచ్చును. చీటీ వెనుక రెండు ప్రశ్నలు తెలుగున వ్రాసియిచ్చితిని: మాత్రల వేళలు సరిచేసిన పిమ్మట మరల పరీక్ష యెప్పుడు? అప్పటికిని నీరసము పోనిచో తరువాతి మార్గమేమి? వానిని తమిళమున నడుగుట ఆమె కొడుకు పని. వాడు మా యెనిమిదవ తరగతి విద్యార్థి.