రెడ్ రైడింగ్ నవలాచతుష్టయము: నాయకవిచారము

ఆంగ్లభాషయందలి యపరాధపరిశోధక నవలల కొక కట్టుబాటు గలదు. హత్య జరుగును, జనపదము కలఁగును, పరిశోధకుఁడు దోషిని బట్టియిచ్చును, కలఁగిన నీరు మరలఁ దేఱును. ఆ తేటయే పాఠకునకు ఫలము. రక్షకభటవర్గమునందలి విశ్వాస మీ కట్టుబాటునకు మూలము. కంచెయే చేను మేయునపుడు కథ యెట్లు నడవవలయును? నాయకుఁ డెవ్వఁడు కావలయును? డేవిడ్ పీస్ రచించిన నవలాచతుష్టయమున విచార్యమైన ప్రశ్న మిదియే.

ఈ నవలలు 1999 మొదలు 2002 వఱకు వెలువడినవి. కథాకాలములైన 1974, 1977, 1980, 1983 సంవత్సరములే వాని పేళ్లు. సమష్టినామము 'రెడ్ రైడింగ్'. 'రైడింగ్' అనఁగా మూఁడవపాలు. ఉత్తర ఇంగ్లండునందలి యార్క్‌షైర్ పూర్వ మట్లు త్రిధా విభక్తమై యుండెను. అందుఁ బశ్చిమభాగము కథారంగము. ఆ పేరునకుఁ జేర్చిన యెఱుపు నెత్తుటి వన్నె.

తొలినవలలో ఎడ్డీ డన్‌ఫర్డ్ అను పత్రికావిలేఖకుఁ డొక బాలికాహత్యను విచారింపఁబోయి, భవననిర్మాణధనికుఁడును, నగరసభికులును, పోలీసధికారులును నొకే త్రాటఁ గట్టువడి యుండుటఁ గనుఁగొనును. మందబుద్ధియైన మైష్కిన్ చేయని హత్య నొప్పుకొని కారాగృహమున కేఁగును. మూఁడవ నవలలో మాంచెస్టరునుండి విచారణకై వచ్చిన పీటర్ హంటర్ సత్యసంధుఁడే. కాని యపవాదమునకు గుఱియై నశించును. విచారించువాఁడే దండితుఁ డగుట యీ కథల సూత్రము.

ఈ లంచగొండితనము కేవలకల్పితము గాదు. పాంట్‌ఫ్రాక్ట్ పురమునఁ గార్యాలయము గల జాన్ పౌల్సన్ అను వాస్తుశిల్పి లంచము లిచ్చి ప్రభుత్వపుఁ బనులు సంపాదించి 1974లో శిక్షితుఁ డయ్యెను. ఆ వ్యవహారమును లండను పోలీసులు విచారింపఁ దొడఁగఁగా, ఆ పోలీసులకే పైవాఁడైన హోంమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్, పౌల్సన్ సంస్థలతోఁ దనకుఁ బూర్వసంబంధ ముండుటచే, 1972లోఁ బదవిని విడిచెను.

అయిన నిచ్చట నొక దోషము చూపవలసియున్నది. ఉత్తర ఇంగ్లండునఁ బదుమువ్వురు స్త్రీలను జంపిన పీటర్ సట్‌క్లిఫ్ 1981లో శిక్షితుఁ డయ్యెను. పట్టువడుటకు ముందు పోలీసు లతనిఁ దొమ్మిది పర్యాయములు ప్రశ్నించి విడిచిరి. 1979లో వచ్చిన యొక కపటధ్వనిముద్రణమును నమ్మి దారి తప్పిరి. హతులలోఁ గొందఱను వేశ్యలని చిన్నచూపు చూచిరి. ఇది యజాగ్రత్తయు దురభిప్రాయమును, కుట్ర కాదు. పీస్ ధనలోభమును, నీ యసమర్థతను నొకే కుట్రగా నల్లెను. కవికిఁ గల్పనాస్వాతంత్ర్యము గలదు. కాని పేళ్లు మార్చినను నీ హతులు కల్పితులు గారు. వారి గాయములను మాటిమాటికి వర్ణించుటచే బీభత్సము రసస్థితిని దాఁటి, పాఠకునకు వెగటు గలిగించుచున్నది. చరిత్రమును జేపట్టిన రచయిత కిట్టి యనౌచిత్యము చిన్నది కాదు.

గుణము తుదినవలయందుఁ గలదు. మారిస్ జాబ్సన్ అను పోలీసధికారి తా నెఱిఁగియు నూరకుండిన పాపములను 'నేను' అని చెప్పును. మైష్కిన్ పక్షమున వాదింప నియుక్తుఁడైన న్యాయవాది పిగట్ కథ 'నీవు' అని నడచును. శాస్త్రోక్తమైన ధీరోదాత్తుఁ డిందు లేఁడు. రక్షకుఁడు దోషియైనచోట నాయకభారము సాక్షిపైఁ బడును. 'నీవు' అను పిలుపుచేఁ బాఠకుఁడును సాక్షి యగుచున్నాఁడు. చూచి యూరకుండిన జాబ్సన్ త్రోవయా, యాలస్యముగానైన నడిగిన పిగట్ త్రోవయా యని యతఁడు తన్నుఁ దాను బ్రశ్నించుకొనవలసినదే. ఈ గుణము పూర్వోక్తదోషములను గప్పదు; కాని గ్రంథమును బఠనీయముగాఁ జేయుచున్నది.