ప్రభావతీప్రద్యుమ్నము - చదువరుల యభిప్రాయభేదము

పింగళి సూరన కళాపూర్ణోదయమును మెచ్చనివా రరుదు. ఆతనిదే యగు ప్రభావతీప్రద్యుమ్నమును మొదలినుండి తుదవఱకుఁ జదివినవారును నరుదే. ఇది యైదాశ్వాసముల కావ్యము. కవి తన తండ్రి యగు నమరనామాత్యున కంకిత మిచ్చెను. అవతారికలో గారుడపురాణమును, రాఘవపాండవీయమును, గళాపూర్ణోదయమును దన పూర్వకృతులుగాఁ బేర్కొని యుండుటచే నిది వానికిఁ దరువాతిదని స్పష్టము. అనఁగా నద్భుతకథాకల్పనమునఁ జేయి తిరిగిన పిదప వ్రాసిన కావ్య మన్నమాట. ఇట్టిది యేల మూలఁబడె నను ప్రశ్నకుఁ జదువరులు వేర్వేఱు సమాధానములు చెప్పుచున్నారు.

కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లోఁ బ్రకటించిన కవిత్వతత్త్వవిచారమున సూరన యీ రెండు కృతులను విమర్శకుఁ గైకొనిరి. అయినను దరువాతి చర్చ చాలవఱకుఁ గళాపూర్ణోదయము చుట్టునే తిరిగినది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గారలు 2002లోఁ గళాపూర్ణోదయమును, 2006లోఁ బ్రభావతీప్రద్యుమ్నమును నాంగ్లీకరించిరి. రెండవదానికి "రాక్షసుని కూఁతురు" అను నర్థము వచ్చు పేరు పెట్టి, నవల యనియే లోకమునకుఁ బరిచయము చేసిరి. ఆ పేరు మన యలంకారశాస్త్రమునకుఁ గ్రొత్త. వస్తువున కది యొప్పు నేమో కాని, పద్యగతిని విడిచి యొక్క కథనే చూచువారి మాట యది యని నాకుఁ దోఁచును.

కథ హరివంశమునందలిది. వజ్రనాభుఁ డను నసురుఁడు బ్రహ్మవలన వరము వడసి, తన యనుమతి లేనిదే గాలియుఁ జొరరాని వజ్రపురమున వసించుచు, స్వర్గమును దన కిమ్మని యింద్రుని నిర్బంధించును. ఇంద్రుఁడు ద్వారకకుఁ బోయి కృష్ణుని శరణు సొచ్చును. శుచిముఖి యను హంసి యా పురముఁ బ్రవేశించి, యసురుని కూఁతురగు ప్రభావతికిఁ బ్రద్యుమ్నుని గుణములు దెలుపును. ప్రద్యుమ్నుఁడు గదసాంబులతోఁ గూడ నటవేషమున లోనికిఁ బోవును. రహస్యముగ వివాహము జరుగును. తుదకు మామ యల్లునిచేతఁ జచ్చును.

ఎడ్లపాటిలో మేము కొందఱము నెల కొక యాశ్వాసము చొప్పున నైదు నెలలు దీనిని జదివితిమి. ఏకాభిప్రాయము కుదురలేదు. తెలుఁగుపండితులుగా నుద్యోగవిరమణము చేసిన యొకరు, "ఇందు హంసి మాటాడుట తప్ప వింత యేమున్న" దనిరి. వారు వేచియున్నది కళాపూర్ణోదయమునందలి మాయారంభలకు, మాయానలకూబరులకు, కథ లోపలఁ బుట్టు కథకు. అవి రాకపోఁగా నిరాశ చెందిరి. ఒక కవి మునుపు పెట్టిన విందునే మరల నడుగుట చదువరులకు సహజమే. దాని కా కవి బాధ్యుఁడు గాఁడు.

కొండవీటి కోట నీడన సేద్యము చేసికొను మఱియొకరు దీనినే తలక్రిందు చేసి చూచిరి. ఆ కోటను గొనుటకు శ్రీకృష్ణదేవరాయలంతవాఁడు 1515లో సేనలతో వచ్చి ముట్టడింపవలసె నఁట. ఇచట నొక పిట్ట పలుకునకు వాకిలి తెఱచుకొన్నది. ఇంతకు మించిన వింత యేమి కావలయు నని వారి ప్రశ్న. నేను వారి పక్షమువాఁడను. గాలి చొరనిచోట మాట చొచ్చినది. ఆయుధము పోలేనిచోట నాటకము పోయినది. ఈ కావ్యమున నద్భుతము రూపముల మార్పున లేదు, వాక్కునం దున్నది. హరివంశమున ప్రద్యుమ్నుఁడు రంగముపై నలకూబరుని వేషము ధరించును. కళాపూర్ణోదయమున మణికంధరుఁడు నలకూబరుని రూపమే పొందును. సూరన యీ కథ నెన్నుకొనుటకు నీ వేషధారణముమీఁది మక్కువయే కారణమేమో.

అసలు బలమైన యాక్షేపణము పట్టపరీక్షకుఁ జదువుచున్న యొక యమ్మాయి చేసినది. శుచిముఖి యింద్రుని పనిమీఁద వచ్చినది. ప్రభావతి ప్రేమ యా పనికి సాధనము. ఆ ప్రేమ ఫలించుట యనఁగాఁ దండ్రి చచ్చుట. ఇట్టి దౌత్యమును శృంగార మని మెచ్చుకొనుట యెట్లని యామె యడిగినది. సభలో నెవ్వరును వెంటనే బదులు చెప్పలేదు.

ఇచట నొక వ్యాకరణాంశము పనికివచ్చును. స్వాంగవాచకము తుదనున్న బహువ్రీహికి స్త్రీలింగమున ఙీష్ప్రత్యయమును వికల్పముగ విధించు పాణినీయసూత్రము 4-1-54వది. నఖముఖశబ్దములు తుదనుండి యా పదము సంజ్ఞ యైనచో నది రాదని 4-1-58వ సూత్రము నిషేధించినది. కావుననే రావణుని చెల్లెలు శూర్పణఖ యైనది కాని శూర్పణఖి కాలేదు. ఈ నియమముచొప్పున హంసి పేరు వట్టి సంజ్ఞ యైనచో శుచిముఖ కావలయును; చంద్రముఖి యనునట్లు విశేషణ మైనప్పుడే శుచిముఖి యగును. (మాలో నొకరు సూచిముఖి యని చదివిరి, సూదిమూతి హంస నెవ్వరు చూచిరి?) హరివంశమునందలి ప్రయోగ మార్షమని సరిపెట్టుకొనుట సులభమే. కాని రాఘవపాండవీయమునఁ బదము పదమును విఱిచి రెండర్థములు నడపిన సూరన యీ పదమును గన్ను మూసికొని గైకొనెనని నే ననుకొనఁజాలను. శుచి యైన ముఖము, అనఁగా నిర్మలమగు వాక్కు గలది శుచిముఖి.

ఆ హంసి యా పేరునకుఁ దగినట్లు మెలఁగెనా యన్నదే ప్రశ్న. దీనికి మూలమున లేని యొక కల్పనమున సూరన సమాధాన ముంచెను. పార్వతి కలలోఁ గానవచ్చి, ప్రద్యుమ్నుని చిత్తరువును బ్రభావతి కిచ్చును. శుచిముఖి యామెను గలిసికొనుటకు ముందే యా చిత్తరువు కన్యచేత నున్నది. హరివంశమున హంసి మాటలు ప్రేమను బుట్టించును. సూరన కావ్యమున నా హంసి పుట్టియున్న ప్రేమకుఁ బేరు చెప్పును. దౌత్యమునకు నీ రెంటికిని మిక్కిలి భేదము. ఇంద్రుని ప్రయోజనము వేఱు, కన్య మనస్సు వేఱు. రెండును నొక త్రోవను గలిసినవి. కావున వంచన యను నాక్షేపణము సూరనకుఁ దగులదు.

తండ్రి వధ మాట యట్లు తేలిపోవునది కాదు. హరివంశమున ప్రభావతి తన చేతులారఁ బతికి ఖడ్గ మిచ్చును. ఆ మూలకథలో నంతకంటె భయంకరమైన సన్నివేశము లేదు. చిత్తరువు చూచి బెదరిన కన్య మనస్సును బొరలు బొరలుగా విప్పిన కవి, యా కన్యయే తండ్రికిని భర్తకును నడుమ నిలిచినప్పు డంత తావీయలేదు. కడపటి యాశ్వాసమున రణవర్ణన మామె దుఃఖమును మ్రింగినది. వీరరసము వచ్చినచోఁ గరుణము వెనుదీయవలె నని లాక్షణికు లనవచ్చును. ఆ యమ్మాయి కా సమాధానము చాలలేదు, నాకును జాలలేదు.