తోకకు వెల కట్టిన కాలం

గుర్రాన్ని కొనడంలో మనవాళ్లు చూపిన తెగువ పుట్టించడంలో చూపలేదు. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు హోర్ముజ్, ఏడెన్ల నుంచి గుర్రాలు తెప్పించేవాడు. వెయ్యి పర్దావ్ నాణేలకు మూడు గుర్రాలు. దారిలో ఓడలోనే చచ్చిపోతే తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదాని లెక్కనే సొమ్ము ముట్టేదని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఆయన విజయనగరం చూసేనాటికి దేశవాళీవి కలుపుకొని రాజు ఏటా కొనేవి 13,000. విజయనగర రాయలకు సైన్యం నడిపిన పెమ్మసాని నాయకుల గండికోట మా జమ్మలమడుగు పక్కనే. అక్కడికి పోయినప్పుడల్లా అందరూ పెన్న లోయ చూస్తారు. నాకు ఆ తోకలు గుర్తొస్తాయి.

తమిళ తీరం చూసిన మార్కోపోలో, మేలుజాతి ఆడగుర్రానికి మేలుజాతి మగగుర్రాన్ని కట్టించినా ఇక్కడ వంకరకాళ్ల పిల్లే పుడుతుందన్నాడు. గుర్రాలకు అన్నం, ఉడికించిన మాంసం పెడుతున్నారని కూడా ఆయనే రాశాడు. ఇక కాళ్లు వంకర పోక ఏమవుతాయి? ఉలవలు పండే సీమలో పుట్టినవాణ్ణి, నా అనుమానమంతా మేత మీదే.

ఇక్కడ పుట్టిన గుర్రప్పిల్లను నేనూ ఒకదాన్ని చూశాను. ప్రొద్దుటూరులో నా చిన్నతనాన మా వీధి చివర జట్కా మామ ఉండేవాడు. ఆయన గుర్రం చూడి కట్టి పదకొండు నెలలు నిండాయి. చనుమొనల మీద మైనం లాంటి చుక్కలు కనిపించగానే, ఈ రాత్రో రేపో అన్నాడు. మూడు రాత్రులు కాపు కాశాం. ఈనలేదు. మనుషులు కళ్లప్పగించి చూస్తుంటే గుర్రం నొప్పులు బిగపట్టుకుంటుందట. నాలుగో రాత్రి మామ లాంతరు తగ్గించి, "గమ్మున లేచి రారా, దాన్ని దాని మానాన వదిలేద్దాం" అన్నాడు. టీ తాగి వచ్చేసరికి గడ్డిలో పిల్ల!

దాని గిట్టలు తాకనిచ్చాడు. కింద తాటిముంజెల్లా మెత్తటి పీచు. తల్లి కడుపు చీరుకుపోకుండా దేవుడు తొడిగిన జోళ్లు అన్నాడు మామ. నేలమీద నాలుగడుగులు పడితే అవే అరిగిపోతాయి. గంటలోపే పిల్ల లేచి, పడి, మళ్లీ లేచి, పొదుగనుకుని జట్కా చక్రాన్ని నాకింది. మామ దాని మూతిని సరైన చోటికి తిప్పాడు. రోగాన్ని ఆపే సత్తువ పిల్లకు తల్లి కడుపులో రాదు, ముర్రుపాలతోనే రావాలి. అదీ తొలి గంటల్లోనే.

ఆయన అసలు పని తర్వాత మొదలైంది. పడిన మాయను గోనెపట్టా మీద చాపలా పరిచి, వేలితో అంచు పొడుగునా తడుముతూ చూశాడు. ఒక్క ముక్క లోపల మిగిలినా తల్లికి జ్వరమొస్తుంది, ఆపైన గిట్టలు పోతాయి. మూడు గంటల్లో మాయ పడకపోతే డాక్టరు కోసం పరుగెత్తాల్సిందే. ఇప్పుడు ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది. అప్పుడు మామ వేలే దిక్కు.

నెల దాటాక జట్కా మళ్లీ రోడ్డెక్కింది. పిల్ల పక్కనే పరుగు. దానికి ఆకలేసిన చోటల్లా బండి ఆగేది. బస్సు తప్పిపోతుందని లోపలివాళ్లు గొణిగితే మామ తల కూడా తిప్పేవాడు కాదు.

"బిడ్డ తాగతాంది. రెండు నిమిషాలు కూచోండి సామీ."