ఏం వింటున్నవ్ భాయ్?

పాట విన్నందుకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుందని నాకు 1999 జూలైలో తెలిసింది. అప్పుడు హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేవాణ్ణి. కార్గిల్ యుద్ధం నడుస్తున్నది. రాత్రి వార్తల టైముకు టీవీ గదిలో నిలబడే జాగా ఉండేది కాదు. వార్తలయ్యాక నా గదికొచ్చి, రోజూ లాగే టేప్‌రికార్డర్‌లో మెహదీ హసన్ క్యాసెట్ పెట్టుకున్నాను. పక్కగది మిత్రుడు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అదే క్యాసెట్‌ను ఏడాదిగా నాతో కలిసి విన్నవాడే. అర్థం కాని చోట అడిగి చెప్పించుకున్నవాడే.

"ఏం వింటున్నవ్ భాయ్?"

"గజల్."

"ఇప్పుడు గూడనా?"

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. స్టాప్ నొక్కి ఘంటసాల క్యాసెట్ పెట్టాను. ఘంటసాల అంటే నాకు ప్రాణం. కానీ ఆ రాత్రి ఆయన్ని వినడానికి పెట్టలేదు. చెక్‌పోస్టు దగ్గర గుర్తింపు కార్డు తీసి చూపించినట్టు చూపించాను. మెహదీ హసన్‌కు కాదు, నేను అన్యాయం చేసింది ఘంటసాలకు.

ఈ సంగతి విన్న మిత్రులు వెంటనే ఒక మాట అంటారు: "ఎవరిష్టం వాళ్ళది. పాట వ్యక్తిగతం. దాన్ని విమర్శించే హక్కు ఎవరికీ లేదు." నా మేలు కోరే అంటారు. అయినా ఆ మాట నాకు మింగుడుపడదు. నా చెవిని నేనొక్కణ్ణే తయారు చేసుకోలేదు. నల్గొండ జిల్లాలో మా ఇల్లు మసీదుకూ రామాలయానికీ మధ్య వీధిలో ఉండేది. ఫజర్ అజాన్ అయిన కాసేపటికి గుడి మైకులోంచి ఘంటసాల లేచేవాడు. రాత్రి అబ్బా ట్రాన్సిస్టర్‌లో హైదరాబాద్ కేంద్రం ఉర్దూ కార్యక్రమం. మొహర్రంలో పీర్లు లేస్తే దప్పు కొట్టేది మాదిగ వాడ అన్నలు. అలావా చుట్టూ ఎగిరేది ఊరు ఊరంతా. జాన్‌పహాడ్ ఉర్సుకు పోతే దారి పొడుగునా ఖవ్వాలీ క్యాసెట్లు. ఇందులో నా సొంతం ఏది? ఇంతమంది కలిసి పెట్టిన చెవిని "నా ఇష్టం" అని గోడ కట్టి దాచుకోవడం నాకు చేతకాదు. పైగా నేను విలేకరిని. పుస్తకాల మీద, సినిమాల మీద, పాటల మీద నాలుగు మాటలు రాసి బతికినవాణ్ణి. విమర్శే వద్దంటే నా అన్నం మీద నేనే మన్ను పోసుకున్నట్టు.

విమర్శించండి. కానీ ముందు పాట వినండి. నా మిత్రుడు ఆ రాత్రి పాటలో తప్పు పట్టలేదు. పాట ఎట్లా ఉందని అడగలేదు. నువ్వెవరివని అడిగాడు.

మెహదీ హసన్ 1927లో పుట్టింది రాజస్థాన్‌లోని లూణా గ్రామంలో. బడే గులాం అలీ ఖాన్ పుట్టింది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న కసూర్‌లో. ఆయన 1957లో భారత పౌరుడయ్యాడు, 1968లో మన హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. నూర్జహాన్ పుట్టిందీ అదే కసూర్‌లో. ఆమె 1947లో అటు వెళ్ళిపోయింది. ఇప్పుడు చెప్పండి, కసూర్ గొంతు మనదా, వాళ్ళదా? రాజస్థాన్ గొంతు ఎవరిది? 2015 అక్టోబర్‌లో ముంబైలో గులాం అలీ కచేరీ బెదిరింపుల వల్ల రద్దయింది. అది జగ్జీత్ సింగ్ జ్ఞాపకంగా పెట్టుకున్న కచేరీ. ఆపించినవాళ్ళు ఆయన పాటలో ఏ లోపమూ చూపలేదు. చూపాలనుకుంటే చూపొచ్చు. గులాం అలీ సర్గమ్ పట్టుకున్నాడంటే మాటను మరిచిపోతాడని నాకూ ఫిర్యాదుంది. షేర్ రెండో పాదం కోసం ఎదురుచూసేవాణ్ణి ఆయన ఒక్కోసారి మరీ ఎక్కువసేపు నిలబెడతాడు. ఇట్లాంటి మాట ఎవరైనా అంటే రాత్రంతా కూర్చుని వాదిస్తాను. పాస్‌పోర్టు అడిగేవాడితో ఏం వాదించాలి?

దీనికి రెండో వైపు ఉంది. అది తీయగా ఉంటుంది గనుక తొందరగా పట్టుబడదు. షేక్ చినమౌలానా నాదస్వరం వింటానని చెప్తే ఇదే మిత్రులు మురిసిపోతారు. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టి, తంజావూరు బాణీ నేర్చి, శ్రీరంగంలో స్థిరపడిన విద్వాంసుడు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. మరుసటి ఏడే పోయారు. "చూశారా, ముస్లిం అయ్యుండి!" అంటారు. ఆ 'అయ్యుండి' దగ్గర నాకు ముల్లు గుచ్చుకుంటుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తరతరాలుగా నాదస్వరం ఊదుతున్న ముస్లిం కుటుంబాలున్నాయి. వాళ్ళు మతసామరస్యం ప్రదర్శించడానికి ఊదలేదు. అది వాళ్ళ విద్య, వాళ్ళ కూడు. చినమౌలానా ఊపిరి గురించి, ఆలాపనలో ఆయన నిదానం గురించి ఎవరూ మాట్లాడరు. నాదస్వరం ఆరుబయటి వాద్యం. గుడి వీధిలో, ఊరేగింపు వెంట నడుస్తూ వినాల్సిన దాన్ని హాల్లో మైకు ముందు కూచోబెడితే నాకు సగమే వినిపిస్తుంది. ఇట్లా అన్నానంటే మొహాలు మారిపోతాయి. నేను ఆయన్ని మెచ్చుకోవాలి, అంతే. మెహదీ హసన్‌ను వింటే అనుమానం, చినమౌలానాను వింటే శభాష్. రెండిట్లోనూ నా చెవిని అడిగినవాడు లేడు.

మనవాళ్ళ సంగతీ చెప్పుకోవాలి. మా ఊళ్ళో పీర్ల దప్పు తగ్గిపోవడానికి ఒక కారణం బయటినుంచి వచ్చి ఇల్లిల్లూ తిరిగి చెప్పిన పెద్దమనుషులు. గానా బజానా హరామ్ అన్నారు. ఆ అభిప్రాయం ఇస్లాంలో ఉంది, కాదనను. కానీ అదొక్కటే ఉందంటే ఒప్పుకోను. తొమ్మిది వందల ఏళ్ళ కిందటే ఇమామ్ ఘజాలీ తన 'ఇహ్యా'లో సమా గురించి ఒక భాగమే రాశాడు. వినే కాలం, వినే చోటు, పక్కన కూచున్నవాళ్ళు ఇవన్నీ చూడమన్న జునైద్ మాటను ఎత్తి చర్చించాడు. ఏ పాట ఏ మనసులో ఏం లేపుతుందో చూడమన్నాడు. చిష్తీలు సమాను సాధనగానే పట్టుకున్నారు. వ్యతిరేకించిన ఆలిములూ గట్టిగానే వ్యతిరేకించారు. అది చదువుకున్నవాళ్ళ తగాదా. మా వీధికి వచ్చేసరికి అందులో తగాదా పోయి తీర్పు మాత్రం మిగిలింది.

తీర్పులివ్వడంలో సర్కారు ఎవరికీ తీసిపోలేదు. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రి అయ్యాక రేడియోలో సినిమా పాట దాదాపు ఆగిపోయింది. హిందుస్తానీ సంగీతం ముస్లింల చేతుల్లో పడి దారి తప్పిందన్నది ఆయన రాతల్లో కనిపించే అభిప్రాయం. ఆ సంగీతాన్ని శుద్ధి చేసి దేశానికి మంచి చెవి పెట్టాలనుకున్నాడు. దేశం రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పుకుని అమీన్ సయానీ గొంతు వింది. 1957లో వివిధ్ భారతి పెట్టి పాటను మళ్ళీ లోపలికి పిలవక తప్పలేదు.

నన్ను నిజంగా విమర్శించినవాడు ఒకడున్నాడు. మా ఊరి పెట్టె మాస్టరు. పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు, విరిగిన హార్మోనియంలు బాగు చేసేవాడు. ఆ పెట్టెను కూడా 1940లో రేడియో వెలివేసింది, 1970ల దాకా లోపలికి రానియ్యలేదు. ఆ కోపం ఆయనకు చివరిదాకా పోలేదు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఆయన కొట్లో కూచుని మెహదీ హసన్ వినిపించాను. అహ్మద్ ఫరాజ్ రాసిన ఒక గజల్. నేను కళ్ళు మూసుకుని తలాడిస్తున్నాను. ఆయన క్యాసెట్ ఆపాడు.

"ఏడుపే ఇంటున్నవ్ బిడ్డా, పాట ఇంటలేవు."

నాకు రోషమొచ్చింది. ఉర్దూ రాని మనిషి నాకు గజల్ చెప్పడమా? ఆయన హార్మోనియం ముందుకు లాక్కుని యమన్ పలికించాడు. "ఇది మా కల్యాణికి అక్కచెల్లెలు" అన్నాడు. ప్రతిమధ్యమం మెట్టు మీద వేలు పెట్టి, పాటలో అది ఎక్కడ తగులుతున్నదో, ఎక్కడ తగిలీ తగలనట్టు జారుతున్నదో క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి వినిపించాడు. బాధ ఉన్నది ఆ జారుడులోనట, మాటలో కాదట. సాయంత్రం దాకా ఒక్క పాట. నా అభిరుచిని అంత నిర్దాక్షిణ్యంగా ఎవరూ ఎండగట్టలేదు. ఆ పూట తర్వాత నాకు మెహదీ హసన్ రెండింతలయ్యాడు. గుడి మైకులో కల్యాణి వస్తే గుర్తుపట్టడమూ అప్పుడే మొదలైంది.

ఇంత తెలిసినవాణ్ణి నేనేం చేశానో చూడండి.

మా అమ్మీ పెళ్ళిళ్ళలో ఢోలక్ పాటలు పాడేది. మంజేల రోజు ఆడవాళ్ళంతా చుట్టూ కూచుంటే అమ్మీ ఢోలక్ పట్టుకునేది, ఖాలా చెంచాతో దాని చెక్క మీద తాళం వేసేది. అన్నీ దక్కనీ పాటలు. వియ్యపురాలి ముక్కు మీద, పెళ్ళికొడుకు పిసినారితనం మీద, అత్తగారి తాళంచెవుల మీద. మధ్యలో ఒక బిదాయి పాట వస్తే అంతదాకా నవ్వినవాళ్ళంతా ఏడ్చేవాళ్ళు. నేను 2009లో ఒక తెలుగు పత్రిక ఆదివారం అనుబంధానికి పెళ్ళి పాటల మీద వ్యాసం రాశాను. ఢోలక్ పాటలు మోటు పాటలన్నాను. ఫైజ్, మఖ్దూం రాసిన జబాన్‌కు ఇవి తలవంపులన్నాను. మహమూద్ హిందీ సినిమాల్లో దక్కనీ మాట్లాడితే దేశం నవ్విందే, ఆ నవ్వే నవ్వాను నేను కూడా. గజల్ మీద నా ప్రేమలో కొంత చెవి ఉంటే కొంత దర్జా ఉందని అప్పుడు నాకు తెలియదు. మన ముస్లింలలో ఉర్దూ ఇళ్ళవాళ్ళు దూదేకుల ఇళ్ళను చూసే చూపు ఎట్లాంటిదో నాకు తెలుసు, దాని మీద రాశాను కూడా. ఆ చూపుతోనే నా ఇంటి పాటను చూశాను.

అమ్మీకి తెలుగు చదవడం రాదు. ఆపా గర్వంగా వ్యాసం చదివి వినిపించింది. అమ్మీ అంతా విని అడిగింది: "మోటు బోలేతో క్యా బాబా?"

ఆపా ఏదో సర్ది చెప్పింది. అమ్మీ నవ్వి వంటింట్లోకి పోయింది. ఆ ఏడాది చివర్లో ఆపా కూతురి పెళ్ళి. ఢోలక్ ముందుకు జరిపితే అమ్మీ గొంతు బాగాలేదంది. ఆ తర్వాతి పెళ్ళికీ బాగాలేదంది.

మూడు నాలుగేళ్ళ తర్వాత రిచర్డ్ ఈటన్ పుస్తకంలో బీజాపూర్ సూఫీల గురించి చదివాను. తిరగలి తిప్పుతూ, రాట్నం వడుకుతూ ఆడవాళ్ళు పాడుకోవడానికి వాళ్ళు దక్కనీలో చక్కీనామాలు, చర్ఖానామాలు కట్టారట. మా అమ్మీ పాటలకు అంత పాత చుట్టరికముందని పొంగిపోయాను. పొంగిన కాసేపటికి నా మీద నాకే చిరాకేసింది. అమ్మీ గొంతు చాల్లేదు నాకు, అమెరికా ప్రొఫెసర్ చెప్పాల్సి వచ్చింది. ఆ చుట్టరికం లేకపోతే ఆ పాట పాట కాదా? అందులో వియ్యపురాలి ముక్కును వర్ణించిన తీరు, చివరి మాటకు ముందు ఢోలక్ ఒక్క దెబ్బ ఆగే తీరు, ఇవి నేను ముందే వినాల్సినవి. పెట్టె మాస్టరు నాకు నేర్పింది అదే కదా.

2021లో ఫోను తీసుకుని ఊరికి పోయాను, పాటలు రికార్డు చేద్దామని. ఢోలక్ తాళ్ళు వదులైపోయి ఉన్నాయి. అమ్మీ ముందు ఒప్పుకోలేదు. "మోటు గానే కాయ్‌కు?" అంది. ఆ మాటను పన్నెండేళ్ళు దాచి పెట్టుకుంది. చాలాసేపు బతిమాలితే రెండు పాటలు పాడింది. మూడో పాట సగంలో ఆగింది. ముందు మాట యాదికి రావడం లేదంది. నన్ను అందించమంది, చిన్నప్పుడు నీకు మొత్తం వచ్చేదంది. నాకు వరస తప్ప మాట ఒక్కటీ మిగల్లేదు.

ప్రహరీగోడ అవతల పక్కింటి పెద్దమ్మ బట్టలారేస్తున్నది. మా ఇంట్లో పెళ్ళిళ్ళన్నిటికీ వచ్చిన మనిషి. ఆమె అక్కణ్ణుంచే ఆ చరణం అందుకుంది. సగం తెలుగు, సగం దక్కనీ, మాటలు ఎటంటే అటు పోతున్నాయి. అమ్మీ కాసేపు ఓర్చుకుని, ఇక ఓర్చుకోలేక ఢోలక్ మీద గట్టిగా ఒక దెబ్బ వేసింది.

"అట్ల గాదక్కా, ఐసా నై. తాళం తప్పుతున్నవ్. ఇను."

అని, ఆ చరణం మొత్తం పాడింది.