లినక్సు ఉష్ణమాపకము: గుణదోష విచారణ

ల్యాప్‌టాప్ వేడెక్కినప్పుడు లినక్సు వాడువారు సాధారణముగా ఆశ్రయించునది 'ఎల్.ఎం. సెన్సర్స్' అను ఉచిత సాధనము. 'సెన్సర్స్' అని టైపు చేసినచో, యంత్రమునకు మెదడువంటి ప్రాసెసరు ఎన్ని డిగ్రీల వేడిమిలో నున్నదో తెరపై కనబడును. సాధనము ఉపయోగకరమే. కాని అది చూపు అంకెను ఎంతవరకు నమ్మవచ్చును?

ఇంటెల్ ప్రాసెసరులలోని ఉష్ణగ్రాహకము వేడిమిని తిన్నగా చెప్పదు. ప్రాసెసరునకు విధింపబడిన గరిష్ఠ పరిమితికి ఇంకను ఎన్ని డిగ్రీలు తక్కువగా నున్నదో మాత్రమే చెప్పును. పరిమితి 100 డిగ్రీలు, దూరము 55 అయినచో, లినక్సులోని 'కోర్‌టెంప్' అను భాగము తీసివేత చేసి 45 అని చూపును. పూర్వపు ప్రాసెసరులు కొన్ని తమ పరిమితిని తెలుపజాలవు. దానిని ఊహింపవలసి యుండెను. నిజమైన పరిమితి 85 అయినచో, పై లెక్కలో 15 డిగ్రీల తప్పు వచ్చును. తరువాతివి పరిమితిని తామే తెలుపుటచే ఈ చిక్కు చాలవరకు తీరినది. అయినను గ్రాహకము పరిమితికి చేరువలోనే ఎక్కువ సరిగా పనిచేయును. చల్లగా నున్నప్పటి అంకె ఉజ్జాయింపు మాత్రమే.

రెండవ లోపము: 'సెన్సర్స్' కొలుచునే గాని కాపాడదు. కాపాడునది ప్రాసెసరే. పరిమితిని చేరగానే అది తన వేగమును తగ్గించుకొనును. వేడిమి ఇంకను మించినచో యంత్రము ఆగిపోవును. కావున ప్రాసెసరు హఠాత్తుగా కాలిపోవుట అరుదు. నిత్యము వేడి తగులుటచే సత్తువ కోల్పోవునది లిథియం అయాన్ బ్యాటరీ. దాని వేడిమి కొన్ని యంత్రములలో ఈ పట్టికలో కనబడనే కనబడదు.

మూడవది మరింత గమనింపదగినది. గ్రాహకములను వెదకు 'సెన్సర్స్ డిటెక్ట్' అను ప్రోగ్రాము పూర్వము కొన్ని ల్యాప్‌టాప్ నమూనాలలో స్మృతిపేటికలోని సమాచారమును చెరచి, యంత్రమునే పనికిరాకుండ చేసినది. కాపాడవలసినదే కీడు చేసెను. నిర్మాతలు ఆ దోషమును దాచక ప్రకటించి, జాగ్రత్తలు చేర్చుట ప్రశంసనీయము. నేటికిని ఆ ప్రోగ్రాము అడుగు ప్రశ్నలకు అది సూచించు జవాబునే అంగీకరించుట క్షేమము. ఫ్యానులను పరీక్షించు 'పి.డబ్ల్యూ.ఎం. కాన్ఫిగ్' వాటిని కొంతసేపు ఆపును గనుక, వేడెక్కిన యంత్రముపై దానిని ప్రయోగింపరాదు.

ఇన్ని లోపములున్నను సాధనము త్యజింపదగినది కాదు. వాడు విధానమును మార్చుకొనవలెను. ఒక్క అంకెను చూచి భయపడుటగాని ధైర్యపడుటగాని తగదు. గది వేడిమి ఒకే తీరుగా నున్న దినములలో, ఒకే పని చేయించి, నెలకొకసారి అంకెను వ్రాసియుంచవలెను. పాఠశాలలోని విద్యార్థులు సైతము దీనిని సులభముగా చేయగలరు. జూన్‌లో 60 చూపినది డిసెంబరులో అదే గదివేడిమి వద్ద 75 చూపినచో, గాలి మార్గమున దుమ్ము పేరుకొన్నదేమో చూడవలెను. దుమ్ము దులుపుట, పరుపుపై గాక బల్లపై నుంచుట, ఫ్యాను రంధ్రములను మూయకుండుట: వేడిమిని తగ్గించునవి ఇవియే. అంకె ఆ పని ఎప్పుడు అవసరమో తెలుపును. పని మాత్రము చేతులే చేయవలెను.