గింబళికి రంగేమి?

సూరతులో మరమగ్గమునుండి దిగిన, ఇంకను రంగు వేయని బట్టను వ్యాపారులు ‘గ్రే’ అని వ్యవహరింతురు. తరువాత అది అద్దకపు మిల్లునకు పోవును. తెలంగాణమునుండి పోయి ఆ నగరమున మగ్గములు నడపిన తెలుగు నేతగాండ్రకు తెలిసిన సంగతి యొకటి కలదు: అద్దకము పడుగుపేకలను మార్చజాలదు. నేతలోని లోపమును కప్పగలదు. నేర్పును గూడ కప్పగలదు. 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రమునకు 2010 జనవరి 30న వెలువడిన రంగుల ప్రతిని పరిశీలించువారికి ఈ ఎరుక అక్కరకు వచ్చును.

కె. వి. రెడ్డి చిత్రములోని వింత చాలవరకు మాటలోనుండియే పుట్టినది. కంబళి గింబళి అని మనము నిత్యము అందుము. రెండవ మాటకు అర్థము లేదు. అది మొదటిదాని ప్రతిధ్వని. పింగళి నాగేంద్రరావుగారు ఆ నిరర్థకమునకు దేహమిచ్చిరి. గింబళి తనపైకి వచ్చినవారిని చుట్టివేయును; గిల్పము తనపై పవ్వళించినవారిని పడద్రోయును. లోకమున లేని వస్తువునకు రంగు నిర్ణయింపవలసినప్పుడు ఎవరైన ఏమి చేయగలరు? ఏదో యొకటి వేసిరి. అది వారి తప్పు కాదు. కాని నలుపుతెలుపులలో ఇంటి కంబళియు మాయ గింబళియు ఒకే బూడిదవన్నెలో కన్పట్టును. ఏది ఎప్పుడు తిరుగబడునో తెలియదు. ఆ అనుమానమే నవ్వునకు మూలము.

అమెరికాలో ఇంతకంటె దూరము పోయిరి. బాబ్ క్లాంపెట్ 1938లో తీసిన నలుపుతెలుపు కార్టూను చిత్రము ‘పోర్కీ ఇన్ వాకీలాండ్’లో కడపటి డోడో పక్షి శూన్యమున పెన్సిలుతో తలుపు గీయును, దానిని తెరవక, తెర ఎత్తినట్లు అడుగుఅంచు ఎత్తి దూరిపోవును. బందీ యొకడు గోడలేని ఊచలను తానే పట్టుకొని నిలుచును. 1949లో ఫ్రిజ్ ఫ్రీలెంగ్ దీనినే రంగులలో మరల తీసెను. చేష్టలు చాలవరకు అవే. వెనుకటి దృశ్యములు మాత్రము సాల్వడార్ డాలీ చిత్రముల పోలికలో వచ్చినవి. అక్కడ చెడినది. మొదటి లోకమునకు తాను వింతయని తెలియదు. రెండవది ‘ఇది అధివాస్తవికత సుమీ’ అని చూపరి చెవిలో చెప్పుచున్నది. పేరు సైతము మారినది. మొదటిది దేశము పేరు; రెండవదియగు ‘డో ఫర్ ది డో-డో’ డబ్బు పేరు.

ఆ పాటు మాయాబజారునకు కలుగలేదు. హైదరాబాదు గోల్డ్‌స్టోన్ సంస్థవారు గీత మార్చలేదు, డాలీని పిలువలేదు. వివాహభోజనపు సన్నివేశమున రంగు లాభమే, ఎస్. వి. రంగారావు ఎదుటి లడ్డు నోరూరించుచున్నది. నష్టపడినది మార్కస్ బార్ట్‌లే వెన్నెల. పడవవిహారమున ఆయన వెలుగునీడలతో నేసిన ఆ వెన్నెలలో అద్దుటకు చోటు మిగులలేదు. రంగు చేరగా అది ఉత్త రాత్రి అయినది.