పండితరాయల బాట

అలంకారశాస్త్ర మనగానే మన విద్యార్థుల మోములు వాడిపోవుట నేను చిరకాలముగా గమనించుచున్నాను. లక్షణ మొకటి, లక్ష్య మొకటి వల్లించి, పరీక్షలో నప్పగించి, గడప దాటకమున్నే రెండింటిని మఱచు నీ చదువువలన ఉపమకును ఉత్ప్రేక్షకును గల భేద మెవరికిని మనసున నాటదు.

గౌతమికి ఆవల, కోనసీమ ముంగండ గ్రామమువాడని ప్రసిద్ధి కెక్కి, 17వ శతాబ్దమున షాజహాను కొలువున మన్నన లందిన జగన్నాథ పండితరాయలు, రసగంగాధరమున లక్షణములకు ఉదాహరణములను పరులనుండి గ్రహింపక తానే కూర్చెదనని ఆదియందే ప్రకటించెను. అది గర్వోక్తి యని కొంద ఱందురు. నా కది బోధనామార్గముగా తోచును. తాను కట్టి చూడనిదే అలంకారముయొక్క లోపలి పని ఎవరికిని పట్టుపడదు.

కనుక శ్రావణమున జొన్నాడ వంతెనమీదనుండి కనబడు వరదనే పిల్లల కిచ్చుచుందును. నీరు బెల్లపుపాకమువలె ఎఱ్ఱగా నున్నదన్నచో నీరు ఉపమేయము, పాకము ఉపమానము, వలె యనునది ఉపమావాచకము, ఎఱ్ఱదనము సమానధర్మము. నాలుగంగములును కుదిరిన పూర్ణోపమ. ఈ వరద పాకమే యన్న అభేదముచే రూపకము. పాకము పొంగినదో యనునట్లున్నదన్న సంభావనచే ఉత్ప్రేక్ష. వరదయా పాకమా యన్న సందేహము. ఇది వరద కాదు, పాకమన్న అపహ్నవము. పాకమనుకొని చీమలు బారులు తీరి రేవునకు దిగినవన్న భ్రాంతిమంతము. నీటి ఊసే యెత్తక, గౌతమిలో పాకము పొర్లుచున్నదన్న అతిశయోక్తి. రెండే వస్తువులు, వాని నడుమ మనసు నడచిన నడకనుబట్టి అలంకారము మాఱినది. ఇంత చేసిన పిల్లవానికి ఇక నిర్వచనము వల్లింపవలసిన పని లేదు.

స్వభావోక్తియొద్ద మాత్ర మందఱును చిక్కుపడుదురు. సామ్యమును విడిచి ఉన్నదున్నట్లు చెప్పుమన్న, చూచినది చాలక, విన్న విశేషణములను పేర్చెదరు. దండి కావ్యాదర్శమున అర్థాలంకారములలో మొదట నిలిపినది దీనినే. సులభమని కాదని నా నమ్మకము. ఒకనా డొక బాలుడు ఇట్లు వ్రాసి తెచ్చెను: లంకలో అరటిచెట్లు నడుముదాక నీట నిలిచినవి, గెలల కొసలను నీరు తాకుచు విడుచుచున్నది. దీనికొక ఉపమ చేర్పుమంటిని. వాడు కొంతసేపు ఆలోచించి, అక్కఱలేదండీ, అనెను. అలంకారములలో వానికి నేను పెట్టిన పరీక్ష అదియే.